ఇంటికి అద్దె, నేలకు ధర

అప్పలకొండమ్మ బిలాస్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరయింది. గ్యాంగ్‌మన్‌గా ఉన్న భర్త చిన్న వయసులోనే పోతే ఆమెకు ఇచ్చిన ఉద్యోగం అది. పుట్టింది రైల్వే క్వార్టర్లో, కాపురం చేసింది క్వార్టర్లో. సొంత ఇల్లు ఎలా ఉంటుందో అరవై ఏళ్లు వచ్చేదాకా ఆమెకు తెలియదు.

రిటైరయ్యాక వచ్చిన డబ్బులో చాలా భాగం, ఇరవై రెండు లక్షలు పెట్టి అర్పా నది అవతల రాజ్‌కిశోర్ నగర్‌లో రెండు గదుల పాత ఇల్లు కొంది. తీరా కొన్నాక అక్కడ ఉండలేకపోయింది. తన ఈడు ఆడవాళ్లంతా స్టేషన్ పక్కనే ఉన్నారు. పొద్దున్నే పలకరించే మనిషి లేకపోతే ఆమెకు అన్నం సయించదు. అందుకని ఆ ఇల్లు మాధవీలత అనే బ్యాంకు ఉద్యోగినికి అద్దెకిచ్చి, తాను స్టేషన్ దగ్గరి తారబాహర్‌లో ఒక గది అద్దెకు తీసుకుంది. ఆ ఇంటి మీద ఏడు వేలు వచ్చేవి, ఈ గదికి మూడు వేలు పోయేవి. మిగిలిన నాలుగు వేలు తన ఇల్లు సంపాదించి పెడుతోందని చుట్టుపక్కల వాళ్లకు చెప్పుకునేది.

ఆ సంతోషాన్ని ఆమె తమ్ముడి కొడుకు నాగేంద్ర చెడగొట్టాడు. మోటారు విడిభాగాల కొట్లో పనిచేసే నాగేంద్రకు మేనత్త అంటే ప్రాణం. ఒక ఆదివారం ఉత్సాహంగా వచ్చాడు.

"అత్తా, నీ ఇల్లు ఇప్పుడు నలభై లాఖ్ పలుకుతంది. నలభై మీద ఏడు వేలంటే అదేటి కిరాయి? అమ్మీసి బ్యాంకులో ఏసినా నెలకి ఇరవై వేలు దాటి వస్తాది."

"నాను పెట్టింది ఇరవై రెండే కదరా."

"అచ్ఛా, కానీ ఇప్పుడది నలభై."

"మిగతా పద్దెనిమిదీ ఎవుడు పెట్టినాడు?"

"ఎవుడూ పెట్టలేదు. పెరిగింది."

అప్పలకొండమ్మ ఆలోచనలో పడింది. ఎవరూ పెట్టని డబ్బు తన ఇంట్లో ఎక్కడుందో ఆమెకు అంతుపట్టలేదు. నాగేంద్ర అంతటితో ఆగలేదు. బ్యాంకులో వేస్తే నలభై ఎప్పటికీ నలభైగానే ఉంటుందనీ, అంతకన్నా జాగా కొంటే రెట్టింపవుతుందనీ చెప్పి, ఆమెను స్కూటరు మీద ఊరి బయట మస్తూరీ వైపు తీసుకెళ్లాడు. కోసేసిన వరి చేలో సున్నం పూసిన రాళ్లు పాతి ఉన్నాయి. ప్లాట్లు అమ్మే మనిషి గొడుగు పట్టుకుని హిందీలో వివరించాడు.

"ఇక్కడ కిరాయి ఎవుడిస్తాడు బాబూ?" అని హిందీలోనే అడిగింది ఆమె.

"కిరాయి ఉండదమ్మా. ధర పెరుగుతుంది."

"పెరిగినట్టు నాకెలా తెలుస్తుంది?"

"అమ్మినప్పుడు తెలుస్తుంది."

మర్నాడు సాయంత్రం రాజ్‌కిశోర్ నగర్ వెళ్లి మాధవీలత ఎదుట కూర్చుంది. ఆ అమ్మాయిది కరీంనగర్, తల్లితో ఉంటోంది.

"నువ్వు బ్యాంకులో ఉన్నావు తల్లీ. ఉంచుకోమంటావా, అమ్మీమంటావా?"

మాధవీలత ఇబ్బందిపడింది. "నన్ను అడగొద్దమ్మా. ఉంచుకోండి అంటే నా కోసం చెప్పినట్టయితది."

"అయినా చెప్పు."

"అద్దె నెలనెలా చేతికొస్తది. పెరిగిన ధర అమ్మితేనే వస్తది, అందులో కొంత పన్నుకు పోతది. మీకు పెన్షన్ ఉంది కాబట్టి తొందర లేదు. ఉంచుకున్నా తప్పు లేదు, అమ్మినా తప్పు లేదు." గొంతు తగ్గించి అంది. "ఒకటి మాత్రం చెప్పాలి. ఈ వీధిలో ఇప్పుడు అద్దె తొమ్మిది వేలు నడుస్తోంది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేటి?"

"చెప్తే ఇవ్వాల్సింది నేనే కదమ్మా."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నెల నుంచి మాధవీలత తనంతట తానే ఎనిమిది వేలు ఇచ్చింది. అప్పలకొండమ్మ సందేహం మాత్రం అలాగే ఉంది.

రెండు వారాలకు నాగేంద్ర దగ్గర్లోని కోటా అనే ఊరి నుంచి ఓంకార్ అనే కాంట్రాక్టరును తీసుకొచ్చాడు. ఆమె ముందు రోజే గోడలకు సున్నం వేయించి, గడప కడిగించింది. ఓంకార్ మాత్రం లోపలికే రాలేదు. వీధి వెడల్పు చూశాడు, వెనక ప్రహరీ దాకా వెళ్లి వచ్చాడు.

"లోపలికి రా బాబూ. వంటింట్లో కొత్త పలకలు వేయించాను," అంది అప్పలకొండమ్మ హిందీలో.

"ఇల్లు పడగొట్టేస్తానమ్మా. దానికి ధర లేదు. నలభై ఇచ్చేది నేలకు."

"నెలనెలా నాకు కిరాయి ఇచ్చింది ఇల్లు కదా? నేల ఏమీ ఇవ్వలేదే."

"పెరిగేది నేలేనమ్మా. ఇల్లు ఏటేటా అరిగిపోతుంది," అన్నాడు ఓంకార్ మర్యాదగానే.

ఆమె గుమ్మం మెట్టు మీద కూలబడింది. ఇన్నాళ్లూ సంపాదించి పెట్టినదానికి విలువ లేదట. ఏమీ సంపాదించనిదానికి నలభై లక్షలట. ఓంకార్ వెళ్లాక నాగేంద్రతో, "నాకు బోదపడనిది నానెలా అమ్ముతానురా?" అంది. నాగేంద్ర అలిగి దసరా దాకా ఆమె గది వైపు రాలేదు.

ఆ దసరా తర్వాతి ఎండాకాలంలో మాధవీలతకు బదిలీ అయింది. వానలు తగ్గేదాకా ఇల్లు ఖాళీగా ఉండి, కప్పు కారి గోడలు చెమ్మగిల్లాయి. తన గది అద్దె పెన్షన్లోంచి కట్టుకుంటూ, అమ్మేస్తే పోయేదేమో అని ఆమె చాలాసార్లు అనుకుంది. నాగేంద్ర "నే చెప్పలేదా" అనలేదు. మేస్త్రీని తెచ్చి, తానూ డాబా ఎక్కి పగుళ్లు పూడ్పించాడు. తర్వాత ఒక రైల్వే గార్డు కుటుంబం తొమ్మిది వేలకు దిగింది. ఓంకార్ పక్క ఇల్లు కొని పడగొట్టి అంతస్తులు లేపుతున్నాడు. మస్తూరీ ప్లాట్ల ధర పెరిగిందని కొందరూ, అడిగేవాడే లేడని కొందరూ అంటున్నారు.

"అత్తా, ఇప్పుడు మన ఇంటి జాగా యాభై అంటన్నారు," అన్నాడు నాగేంద్ర మొన్న, ఆమె గదిలో ఇడ్లీ తింటూ.

"అయితే అమ్మనందుకు నాకు లాభమొచ్చినట్టా, నట్టమొచ్చినట్టా?"

నాగేంద్ర ఖాళీగా ఉన్న నెలలూ, మరమ్మతులూ, బ్యాంకు వడ్డీ అన్నీ వేళ్ల మీద కలిపి చూశాడు, తీసి చూశాడు.

"నాకూ తెలీడం లేదత్తా," అన్నాడు చివరికి.

ఆ మాటతో అప్పలకొండమ్మకు ఎందుకో కాస్త తేలికపడింది. వాడికి ఇంకో రెండు ఇడ్లీలు వడ్డించింది.