రాజవ్వ చెప్పిన తేడా

1956 వేసవి. షోలాపూర్ దాజీ పేట్‌లో ఒక చిన్న దవాఖానలో నేను కాంపౌండర్‌ని. డాక్టర్ రాసిన చీటీ చూసి మందు కలిపి సీసాలో పోసివ్వడమే నా పని. రోగం తేల్చడం కాదు. ఆ మధ్యాహ్నం డాక్టర్ గారు ఊళ్లో లేరు.

నేత పనిచేసే నర్సయ్య చేతుల గంజి కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చాడు. నిండు నెలల భార్య సత్తెమ్మ నూలు కండెలు చుడుతూ చుడుతూనే పడిపోయి కొట్టుకుంటోందట. "మా అవ్వ ఎల్లమ్మ తల్లి వచ్చిందంటది సాబ్. నాకైతే భయమైతుంది. లౌకర్ రా, జల్ది" అన్నాడు.

జేబు గడియారం తీసుకుని పరుగెత్తాను. మేం చేరేసరికి కొట్టుకోవడం ఆగింది. నర్సయ్య తల్లి రాజవ్వ కోడలికి పసుపు రాస్తూ, ఏం కావాలో చెప్పమని ఎల్లమ్మను బతిమాలుతోంది. రాజవ్వకు ఏటా ఎల్లమ్మ పూనకం వచ్చేది. పేటంతా ఆమె మాట వినేది. సత్తెమ్మ గురక పెడుతోంది, పిలిస్తే పలకదు. పాదాలు ఉబ్బిపోయాయి, వేలితో నొక్కితే గుంట అలాగే నిలిచింది.

అంతలో మళ్లీ మొదలైంది. ఒళ్లు కట్టెలా బిగిసింది, పెదవులు నల్లబడ్డాయి, కాళ్లూ చేతులూ ఒకే తీరుగా ఎగిరిపడ్డాయి. నోట్లో నెత్తుటి నురగ. పక్కింటాయన ఆమె పళ్ల మధ్య నాడె దూర్చబోయాడు. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే ఆ కొయ్యకు రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. లాక్కుని అవతల పడేశాను. రాట్నం జరిపించి, ఆమెను పక్కకు తిప్పించాను. గడియారంలో ఒకటిన్నర నిమిషానికి ఆగింది.

ఇవి ఫిట్స్, అంటే మూర్ఛ. తెలివి రాకముందే రెండోసారి, అదీ గర్భిణికి. ఆలస్యమైతే తల్లీ బిడ్డా దక్కరు. రాజవ్వేమో గడపకు అడ్డంగా కూర్చుంది. ఎల్లమ్మ దిగకముందే కోడల్ని గడప దాటిస్తే కీడంది.

వాదించే వేళ కాదు. "అవ్వా, తల్లి నీ మీదికి వచ్చినప్పుడు నాలిక కొరుక్కుంటవా?" అని అడిగాను.

"లే, కొరుక్కోను."

"చీర తడుపుకుంటవా? అడిగితే పలకవా?"

రాజవ్వ కోడలి తడిసిన చీర వైపు చూసింది. "తల్లి వచ్చేదే మాట్లాడనీకి గదా" అంది మెల్లగా. వెంటనే లేచింది. "నర్సిగా, ఏం జూస్తున్నవ్ రా? టాంగా తే."

కోడలి తల ఒళ్లో పక్కకు తిప్పి పెట్టుకుని ఆమే టాంగాలో కూర్చుంది. నేను ముందు నిలబడి, జనాన్ని తప్పుకోమని గొంతు పోయేలా అరిచాను. పెద్దాసుపత్రి గేటు దగ్గర మూడో ఫిట్ వచ్చింది. అక్కడి డాక్టరమ్మ చూస్తూనే ఎక్లాంప్సియా అంది: గర్భిణికి రక్తపోటు పెరిగి వచ్చే మూర్ఛ. ఇంజెక్షన్లతో ఫిట్స్ ఆగాయి. మర్నాడు ఆడపిల్ల పుట్టింది. నా డైరీలో ఆ రోజు పేజీలో రెండే మాటలు: ఇద్దరూ క్షేమం.

ఫిట్ ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా, మొదటిసారి వచ్చినా, గర్భిణికి వచ్చినా ఇంట్లో ఉంచకూడదని డాక్టర్ గారి దగ్గర నేర్చుకున్నాను. ఆ మాట పేటకు ఎవరు చెప్పాలో మాత్రం ఆ రోజే తెలిసింది. తర్వాత ఎవరు పడి కొట్టుకున్నా జనం రాజవ్వనే పిలిచేవారు. ఆమె వంగి ఒక్కసారి పలకరించేది. జవాబు రాకపోతే పసుపు జోలికే పోకుండా టాంగా పిలిపించేది.