శెట్టిగారి మెయిలు నియమం

పోపులో కరివేపాకు చిటపటమంటుండగా పొయ్యి పక్కనున్న ఫోను టింగుమంది. చెయ్యి తుడుచుకోకుండానే తీసి చూశాను. పుంగనూరు వ్యాపారుల గ్రూపు. టమోటా ధర, చింతపండు ధర, ఆ కింద పూలదండ వేసిన ఫోటో. గోవిందశెట్టి గారు. "నాన్న రాత్రి కాలం చేశారు" అని కొడుకు ఒక్క ముక్క పెట్టాడు. దాని కింద అప్పుడే బోలెడన్ని జోడించిన చేతుల బొమ్మలు. ఎండుమిరపకాయలు మాడి ఇల్లంతా ఘాటు కమ్మింది, దగ్గు ముంచుకొస్తోంది, అయినా పొయ్యి ఆపాలని తోచలేదు. మొన్ననే కదా మాట్లాడింది. ఆ మనిషి పోయిన కబురు ఈ దారిన రావడమేమిటని దిమ్మెరపోయి నిలబడ్డాను.

అంతలో మునెప్ప గుర్తొచ్చాడు. మునెప్ప ఇక్కడే మా కుప్పంలో శెట్టిగారి గోడౌనుకు ఎన్నో ఏళ్ళు కాపలా కాసినవాడు, చిన్నప్పుడు ఆయనతో కలిసి చింతచెట్లెక్కి కాయలు రాల్చినవాడు. ఇప్పుడు ఊరి చివర ఒంటరిగా ఉంటాడు. గుండెజబ్బు మనిషి. చదువు రాదు, కానీ ఆయన ఫోను కూడా ఆ గ్రూపులోనే ఉంది. దండ వేసిన ఫోటో అర్థం కావడానికి చదువెందుకు? ఆయన ఫోను తీసేలోపల నేను అక్కడ ఉండాలి. పొయ్యి ఆపి, ఆవిరి మీదున్న ఇడ్లీలు డబ్బాలో వేసుకుని స్కూటీ తీశాను. చావు కబురు చెప్పడానికి పోతూ ఇడ్లీలెందుకంటే, శెట్టిగారి గురించి చెప్పాలి.

తొంభైల చివర్లో, డిగ్రీ చేసి ఇంట్లో ఊరికే కూర్చున్న నన్ను ఆయన పుంగనూరులోని తన చింతపండు మండీలో టైపు పనికి తీసుకున్నారు. మదనపల్లెలోనూ కుప్పంలోనూ కూడా కొట్లుండేవి. మూడు ఊళ్ళ మధ్య ఈమెయిలు పెట్టిద్దామని మదనపల్లె నుంచి కంప్యూటరు మనిషిని పిలిపించారు. అతను రెండు పద్ధతులు చూపించాడు. ఒకటి, ఏ ఊళ్ళోనైనా నెట్టు సెంటరుకు పోయి తెరుచుకునేది. రెండోది, మెయిళ్ళన్నీ మన కంప్యూటరులోకి దించుకుని, ఫోను లైను తీసేశాక తీరిగ్గా చదువుకునే సాఫ్ట్‌వేరు. అంతా విని శెట్టిగారు ఒకే ప్రశ్న వేశారు.

"సెడ్డ కబురొస్తే తెరవక ముందే తెలస్తాదా?"

"అట్లాంటిది దేంట్లోనూ లేదు సార్" అన్నాడతను బిత్తరపోయి.

"పోస్టుకార్డుకుండాదే. శుభమైతే పసుపు, సావైతే మూలకు నలుపు. ముట్టుకునే ముందే మనసు గట్టి చేసుకుంటాం."

నేను పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆయన నా వైపు తిరిగారు. "మా యమ్మ పోయిందని నాకు నలుపు పూయని కార్డొచ్చిందమ్మా. తింటా తింటా సదివినా. సేతిలో ముద్ద సేతిలోనే ఉండిపోయె." నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. చివరికి, పంపినవాళ్ళ పేరూ విషయమూ ముందు చూసుకుని, మన కొట్లోనే తీరిగ్గా తెరవొచ్చు కాబట్టి రెండో పద్ధతే నయమన్నారు. ఆ రోజే మూడు కొట్లకూ నియమం పెట్టారు. చావు కబురు మెయిల్లో రాయకూడదు. మనిషి పోవాలి.

ఇంకొన్నేళ్ళకు మెయిలు కూడా వచ్చే స్మార్ట్‌ఫోన్లు దిగాయి. కొట్టుకొకటి కొందామని శెట్టిగారు నన్ను మదనపల్లెలో ఒక షాపుకు తీసుకెళ్ళారు. అమ్మేవాడు కెమెరా గురించి, పాటల గురించి ఊదరగొడుతుంటే ఈయన మళ్ళీ మొదలుపెట్టారు. "మెయిలొస్తే మోగకుండా సేసేది దేంట్లో ఉండాది?" షాపంతా మమ్మల్నే చూసింది. "ఇంత పోసి కొని నోరు కుట్టేస్తారా?" అని గొణిగాను. "మోగితే అన్నం కాడ్నుంచి లేస్తావమ్మా" అన్నారు, అంతే. చాదస్తానికి మందు లేదనుకున్నాను.

అప్పటికి నేను కుప్పం కొట్టుకు మారాను. ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా శెట్టిగారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"తిన్నావామ్మా?"

"ఇంగా లేదు సార్."

"ముందు తిను."

"నేను తిన్నానా లేదా చూసేకి పుంగనూర్నించి వస్తిరా?" అని హాస్యమాడుతూ క్యారియరు విప్పాను. ఆయన నవ్వలేదు. మునెప్ప నీళ్ళచెంబు పెట్టి, నా మొహం చూడకుండా వాకిట్లోకి పోయాడు. నేను తిని చెయ్యి కడుక్కునేదాకా శెట్టిగారు ఆగి, పక్కనున్న బస్తా మీద కూర్చుని, నా చెయ్యి పట్టుకుని చెప్పారు. "మీ యన్న లేడమ్మా. గుర్రంకొండ కాడ లారీ బోల్తా పడింది."

ఏం అరిచానో గుర్తులేదు. నా ఫోను ఎదురుగా బల్ల మీదే ఉంది, పొద్దుటి నుంచి అందరికీ తెలుసు, ఎవర్నీ చెప్పనివ్వకుండా ఈ మనిషి నా చేత సాంబారన్నం తినిపించాడు. మా ఇంటికి తీసుకెళ్తుంటే కారులో కూడా ఆయన్ను తిడుతూనే ఉన్నాను. "ఫోన్ సేసుండొచ్చు కదా" అని ఏడిస్తే, "సేసుంటే నువ్వు కుప్పంలో, నేను పుంగనూర్లో. నువ్వు పడిపోతే పట్టుకునేదెవురమ్మా?" అన్నారు. దహనం మర్నాటికి గానీ కాలేదు. అంతవరకూ ఇంట్లో పొయ్యి వెలగలేదు. స్పృహ తప్పుతున్న అమ్మను ఒళ్ళో వేసుకుని కూర్చోగలిగానంటే అది ఆ సాంబారన్నం బలమే.

మునెప్ప ఇంటి ముందు స్కూటీ ఆపేసరికి ఆయన అరుగు మీద ఎండకు కూర్చున్నాడు. ఫోను పక్కనే బోర్లా పడి ఉంది. కళ్ళజోడు ఇంకా జేబులోనే ఉంది. ఇంకా చూడలేదన్నమాట.

"యాలమ్మా, ఇంత పొద్దన్నే వచ్చినావు?"

"తిన్నావా అన్నా?" అన్నాను. గొంతు మామూలుగానే పెట్టానని నేననుకున్నాను.

మునెప్ప నా మొహం చూశాడు, డబ్బా చూశాడు. ఆ రోజు నాకు నీళ్ళచెంబు తెచ్చిన మనిషి కదా, ఆ ప్రశ్న ఎప్పుడు అడుగుతారో ఆయనకు తెలుసు. పక్కనున్న ఫోను తీసి, తిప్పి చూడకుండానే నా చేతికిచ్చాడు.

"పెట్టమ్మా, తింటాను" అన్నాడు.

చట్నీ లేని ఇడ్లీలు. ఒక్కొక్క ముక్కే నోట్లో పెట్టుకుని, కళ్ళు తుడుచుకోకుండా తిన్నాడు. ఆయన తింటున్నంతసేపూ నా చేతిలో ఆ ఫోను గ్రూపు మెసేజులతో అదురుతూనే ఉంది. ఆయన చెయ్యి కడుక్కునేదాకా ఆగి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకున్నాను.