హంజా ఆకు ఘాటు

తసల్లా బానకు చెవి ఆనించి కూర్చుంది. ఎడారి మీంచి వచ్చే చలిగాలి ధూళి మోసుకొచ్చి ఊరినంతా పలచని పాలలో ముంచినట్టు చేసింది. ఆ తెల్లదనంలో గుడిసెలు, మేకలు, మనుషులు నేలకు ఆనకుండా తేలుతున్నట్టున్నారు.

"ఏం వదినా, మొగుడు పోయి పదేళ్లయ్యాక బానతో గుసగుసలా?" అంది పక్కింటి డేలు. ఇద్దరూ మేనత్త మేనమామ బిడ్డలు. ఒకరినొకరు ఆడిపోసుకోకపోతే వాళ్లకు పొద్దు గడవదు.

"నోరు మూసుకోవే, వినపడట్లేదు."

లోపల సన్నగా చిటచిట. అలసందల్లో పురుగు తొలుస్తోంది.

అవి వచ్చే వానలకు దాచిన విత్తనాలు. అరవై రోజులకే కాయ పట్టే రకం. వాన మొహం చాటేసిన ఏళ్లలో కూడా ఆ ఇంటి పొయ్యి ఆరనివ్వలేదు. ఊళ్లో మరెవరి దగ్గరా ఆ గింజ మిగల్లేదు. పురుగు పట్టకుండా ఏటా తసల్లాయే హంజా పొద పచ్చి ఆకు దంచి, గింజల్లో కలిపి, బాన మూతికి మట్టి మెత్తేది. ఈసారి కోతలప్పుడు జ్వరంతో పడుకుంటే, కొత్త కోడలు హబ్సు ఆ పని చేసింది.

తసల్లా బిస్మిల్లా అని మట్టి పగలగొట్టింది. హంజా ఘాటుకు కళ్లు మండాలి. ఎండుగడ్డి వాసన వచ్చింది.

"ఆకు ఆరబెట్టావా తల్లీ?"

హబ్సు తలెత్తలేదు. "పచ్చిది వేస్తే బూజు పడుతుందేమోనని రెండు రోజులు ఆరనిచ్చానత్తమ్మా. మా అమ్మ బెండకాయలు అలాగే దాస్తుంది."

"అయ్యో, బంగారం లాంటి గింజని..." అని డేలు అందుకోబోయింది. తసల్లా చేట తీసి ఆమె ఒళ్లో పడేసింది.

"ముందు చెరుగు. చెప్పాల్సిన ముసలిదాన్ని మంచంలో పడుకుంటే, పిల్ల ఏం చేస్తుంది?"

హబ్సు కొంగుతో మొహం తుడుచుకుని తానూ ఒక చేట అందుకుంది.

రెండు రోజులు ఎండబోసి, గింజ గింజా ఏరారు. సగం పుచ్చిపోయాయి, అవి మేకలకు పోశారు. మూడోనాడు అప్పుడే కోసుకొచ్చిన ఆకు రోట్లో పడగానే ముగ్గురికీ కళ్లమ్మట ధారలు కట్టాయి.

"ఎవరైనా చూస్తే నేను పోయాననుకుంటారు!" అంది డేలు ముక్కు చీదుతూ.

"నువ్వు పోతే ఇంత ఏడుస్తానా?"

హబ్సుకు నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే బాన మూతికి మట్టి మెత్తింది.

వానదాకా దాన్ని తెరవకూడదు. తెరిస్తే ఘాటు పారిపోతుంది. చలి పోయింది. ఎండలొచ్చాయి. మధ్యాహ్నాలు నేల మీంచి సెగ నీళ్లలా అలలు కడుతుంటే, హబ్సు గుమ్మంలో కూర్చుని, ఇంకా మొలవని చేనును ఆ సెగలో చూస్తూ ఉండిపోయేది.

తొలివాన తడికి బాన తెరిచారు. గింజలు నున్నగా, చల్లగా వేళ్ల సందుల్లోంచి జారాయి. తసల్లా అల్లాను తలచుకుని పార భుజాన వేసుకుంది. ఆమె ముందు గుంటలు తవ్వుతుంటే కోడలు వెనక నడిచింది.

"గుంటకెన్ని అత్తమ్మా?"

"ఎప్పుడూ మూడు. ఈసారి రెండేసెయ్. గట్టుదాకా రావాలిగా."

సాయంత్రం నమాజు వేళకు గట్టు చేరారు. చివరి గుంటకు ఒక్క గింజే మిగిలింది. హబ్సు చెయ్యి ఆగిపోయింది.

"వెయ్యవే తల్లీ. రెండోది ఆ పైవాడు చూసుకుంటాడు" అని తసల్లా పాదంతో మెల్లగా మట్టి కప్పింది.