‘జామిత్రం’ కొట్టేశారు

మధ్యాహ్నం నుంచీ నా కోపం చల్లారలేదు. రాజమండ్రిలో మేం తయారుచేస్తున్న నిఘంటువుకి ఈ రోజు ‘జ’ అక్షరం ప్రూఫులు వచ్చాయి. అందులో ‘జామిత్రం’ అన్న మాటను మా సంపాదకుడుగారు ఎర్ర సిరాతో కొట్టేశారు. జాతకచక్రంలో పెళ్ళి సంగతి చూసే ఏడో ఇంటికి ఆ పేరు.

"ఎందుకు తీసేశారండి?" అని అడిగాను.

"అది గ్రీకు నుంచి వచ్చిందమ్మా, మనది కాదు. అయినా ఎవరు వాడుతున్నారు?"

పంచాంగం తెరిచి, పెళ్ళి ముహూర్తాల దగ్గర ‘జామిత్ర శుద్ధి’ అని ఉన్నచోటు చూపించాను. ఆయన కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.

"కేంద్రం కూడా గ్రీకు నుంచే వచ్చిందండి. అదీ కొట్టేద్దామా?"

"కేంద్రం అందరికీ తెలిసిన మాట. నువ్వు మరీ వాదించకు."

అందరికీ తెలిస్తే మనదీ, తెలియకపోతే గ్రీకువాళ్ళదీనా? తెలియని మాట కోసమే కదా ఎవరైనా నిఘంటువు తెరిచేది!

సాయంత్రం ప్రూఫులు ప్రెస్సులో ఇచ్చే పని నాదే. కొట్టేసిన మాట పక్కన ‘ఉంచవలెను’ అని రాసి, సంతకం పెట్టి మరీ ఇచ్చాను. ఇంటికొచ్చి ఇది మీకు రాస్తున్నాను. రేపు ఆయనకు నేనే చెబుతాను. మీ ఇళ్ళల్లో పెళ్ళి ముహూర్తం పెట్టినప్పుడు ఈ మాట విన్నవాళ్ళుంటే, మీరూ ఆయనకు ఓ ముక్క రాయండి.