మందు మీద మంజీర దాటొద్దు

సాహిత్యంలో ధైర్యం గురించి నాలుగు మాటలు చెప్పమని ఎవరైనా పిలిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నాలుగు మాటలేం ఖర్మ, నలభై చెప్పొచ్చు. కథల్లో ధైర్యం చవక. రాసేవాడికి చివర ఏమవుతుందో ముందే తెలుసు, అందుకే వాడి వీరుడు రొమ్ము విరుచుకుని నిలబడతాడు. చివర ఏమవుతుందో తెలియకుండా ఒక ఇల్లంతా రోజుల తరబడి బిక్కుబిక్కుమంటూ బతకడం చూసినదాన్ని నేను.

మా ఊరు బీదరు జిల్లాలో, చింతకి అనే ఊరి పక్కన. మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి కొన్నేళ్ళయింది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఆ తెలుగు కూడా నాకు పుస్తకాల్లోంచి రాలేదు, నాయిన కట్టిన వేషాల్లోంచి వచ్చింది. చేలల్లో పని తగ్గాక ఊళ్ళో బాగోతం ఆడితే వీరుడి వేషం ఎప్పుడూ ఆయనదే. గద భుజాన పెట్టి, గజ్జెలు ఘల్లుమనిపిస్తూ "ఎవడురా నా ఎదుట నిలిచేది!" అని గర్జిస్తే ముందు వరసలో కూర్చున్న పిల్లలం ఒకరి వెనక ఒకరం దాక్కునేవాళ్ళం. నాకైతే లోలోపల ఎంత గర్వమో, ఆయన మా నాయిన కదా మరి!

అలాంటి మనిషిని ఒక పొద్దున కళ్ళంలో కుక్క కరిచింది. ఊరి కుక్క కాదది. ఎక్కడి నుంచో తూలుకుంటూ వచ్చి, ముందు కట్టేసి ఉన్న దూడ మూతి కొరికింది. అదిలించబోయిన నాయిన పిక్క పట్టుకుంది. నలుగురు కర్రలు తీసుకునేలోపు జొన్న చేలల్లో పడి మాయమైపోయింది.

మా వైపు కుక్క కరిస్తే చేసేది ఒకటే. పొద్దు గుంకకముందే ఏడు బావులు తిరగాలి. ఒక్కో బావిలో ముఖం చూసుకుని, ఒక రాయి వేసి, వెనక్కి చూడకుండా రావాలి. ఆ తర్వాత పక్క ఊరి మందాయన ఇచ్చే ఆకు పసరు తాగాలి. పసరు కడుపులో ఉన్న మండలం రోజులూ నూనె ముట్టొద్దు, పారే నీళ్ళు దాటొద్దు. దాటితే మందు విరిగిపోయి విషం తలకెక్కుతుందని నమ్మకం. బీదరు పెద్ద దవాఖానకు పోవాలంటే మంజీర దాటక తప్పదు. అంటే, పసరు తాగినవాడికి దవాఖాన లేనట్టే.

నాయిన తల్లి, మా అవ్వ, ఆ సాయంత్రమే కొడుకును బావులన్నీ తిప్పి పసరు తాగించింది. నాయిన కిక్కురుమనకుండా తాగాడు. ఎందుకు తాగడు! దవాఖానలో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారని ఊరందరికీ తెలుసు. గద తిప్పే మా వీరుడికి సూది పేరు చెబితే పై ప్రాణాలు పైనే పోయేవి. ఊళ్ళోకి టీకాలవాళ్ళు వస్తున్నారంటే ఆ రోజు ఆయనకు ఏదో ఊళ్ళో చుట్టం గుర్తొచ్చేవాడు.

ఇక అమ్మ. అత్త ముందు మొగుడితో నేరుగా మాట్లాడటం మా ఇళ్ళల్లో మర్యాద కాదు. ఆయన ఎదురుగానే ఉన్నా "మీ నాయినను బువ్వకు రమ్మను" అని నాతో చెప్పించేది. ఆమె గొంతు పక్కింటికి వినపడగా ఎవరూ ఎరగరు. ఆ రోజు నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి మెల్లగా అడిగింది.

"సూదులు ఏపియ్యకుంటె ఏమైతదే? మీ బళ్ళె ఏమన్న చెప్పిన్రా?"

"పిచ్చి లేస్తదంట. నీళ్ళు జూస్తె భయపడ్తరంట. ఇగ బతకరంట" అన్నాను. ఆమె ముఖం చూసి వెంటనే సర్దబోయాను. "కుక్కకు పిచ్చి ఉంటెనే లేమ్మా."

"ఉన్నదో లేదో పోయి దాన్ని అడిగొస్తవా?" అని కసిరింది. పక్కనున్న పుల్లలన్నీ ఒకేసారి పొయ్యిలోకి ఎగదోసింది.

అప్పటి నుంచి మా ఇంట్లో అందరికీ ఒకటే పని, నాయిన నీళ్ళు తాగుతుంటే చూడటం. చెంబు ఎత్తగానే మాటలు ఆగిపోయేవి. గుటక దిగిందా, గొంతులోనే ఆగిందా అని చూస్తూ, ఆయన చెంబు కింద పెట్టేదాకా నేను ఊపిరి తీసుకునేదాన్ని కాదు. ఒకసారి పొలమారి దగ్గాడు. అమ్మ చేతిలో చేట జారి జొన్నలన్నీ నేలపాలయ్యాయి.

"ఏందే మీ లొల్లి! నా గొంతుల ఏమన్న బాగోతం ఆడుతున్రా, అందరు గట్ల జూస్తున్రు?" అని నాయిన అరిచాడు.

అవ్వ నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నవ్వు అయిపోయాక భయం మళ్ళీ మొదటికొచ్చింది. బడిలో లెక్కలు చేస్తున్నా అదే ధ్యాస. ఈపాటికి నీళ్ళు అడిగి ఉంటాడా, తాగగలిగాడా? సాయంత్రం ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చి, ఆయనకు దాహం లేకపోయినా చెంబు అందించేదాన్ని.

ఒక పొద్దున దూడ కుడితి ముట్టలేదు. మధ్యాహ్నానికి గుంజకు తల బాదుకోవడం మొదలుపెట్టింది. దాని గొంతే మారిపోయింది, అరుస్తుంటే అది దూడ అరుపులా లేదు. నోటి వెంట సొంగ కారుతోంది. "దిష్టి తాకింది" అంటూ అవ్వ ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చింది గానీ ఆమెకూ చేతులు ఆడటం లేదు. నాయిన దూరంగా నిలబడి చూశాడు. తర్వాత అరుగు మీద కూర్చుని, పిక్క మీది మచ్చ తడుముకుని, ధోవతి కిందికి లాక్కున్నాడు. కుక్కకు పిచ్చి ఉన్నదో లేదో అందరికీ తెలిసిపోయింది.

అప్పుడు అమ్మ వాకిట్లోకి వచ్చింది. అవ్వ ముందే, నా వంక చూడకుండా, సూటిగా నాయిన ముఖంలోకి చూసి మాట్లాడింది.

"పొద్దుగాల బస్సుకు బీదరు పోదాం. నువ్వు సూదులు ఏపిచ్చుకోవాలె."

అవ్వ భగ్గుమంది. "మందు కడుపుల ఉండంగ మంజీర దాటిస్తవా? మందు ఇరిగితె నా కొడుకు దక్కుతడా? వాడు సస్తె నువ్వు సంపినట్టె. ఊరందరి ముంగట జెప్త!"

అవ్వ ఉత్తుత్తికే బెదిరించే మనిషి కాదు. ఆ మాట ఊళ్ళో పడిందంటే అమ్మ ఇక జన్మలో తలెత్తుకు తిరగలేదు. చేతులు కట్టుకుని కూర్చుంటే, ఆయన పోయినా తలరాత అంటారు తప్ప అమ్మను ఎవరూ ఏమీ అనరు. దవాఖానకు కదిలిస్తేనే ఆ చావు ఆమె మెడకు చుట్టుకుంటుంది.

"చెప్పు అత్తా. నేనే సంపిన అని చెప్పు" అంది అమ్మ. "పొద్దుగాల మాత్రం పోతం."

నాకు కన్నడం వచ్చని నన్నూ వెంట తీసుకెళ్ళారు. బస్సు మంజీర దగ్గరికి వస్తుంటే నాయిన నా చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మందు విరుగుతుందనా, లేక నీళ్ళను చూడలేకనా? అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఆయన్నే చూస్తోంది. వంతెన అంత పొడుగ్గా ఉంటుందని అంతకు ముందు నాకు తెలియదు. అది దాటాక నాయిన కళ్ళు తెరిచి "నీళ్ళున్నయా ఎవరికాడన్న?" అన్నాడు. ఎవరో ఇచ్చిన చెంబు ఎత్తి గటగటా తాగాడు. అమ్మ బస్సులోనే బోరుమంది.

దవాఖానలో డాక్టరు కన్నడంలో మా ముగ్గుర్నీ దులిపేశాడు. ఇన్నాళ్ళూ బావుల్లో ముఖాలు చూసుకుంటూ కూర్చున్నారా అన్నాడు. ఆలస్యం చేశారు, సూదులు వేస్తాను గానీ బతుకుతాడని మాట ఇవ్వలేను అన్నాడు. అది తెలుగులో చెప్పడానికి నేను నోరు తెరిస్తే అమ్మ ఆపింది.

"సమజైంది బిడ్డా. సూది ఎయ్యమను."

నాయిన బల్ల మీద పడుకుని సూది వంక చూశాడు. అంతమంది ముందు, ఏ బాగోతంలోనూ నేను వినని చిన్న గొంతుతో అమ్మతో అన్నాడు.

"నాకు భయమైతాందే."

"నాక్కూడ" అంది అమ్మ, ఆయన చెయ్యి పట్టుకుని. "కదలకు."

చిన్నప్పుడు విన్న వీరుల మాటలు ఒక్కటీ ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు లేవు. ఈ రెండు మాటలు మాత్రం ఉన్నాయి. నేను రాసే కథలో మనిషి ఎక్కడో ఒకచోట భయమేస్తోందని ఒప్పుకోకపోతే, వాడి ధైర్యం మీద నాకే నమ్మకం కుదరదు.

బీదరు దగ్గరే మన్నళ్ళి అనే ఊళ్ళో చుట్టాలింట ఉండి, రోజూ దవాఖానకు వచ్చి సూదులన్నీ పూర్తి చేయించాం. మేం వెళ్ళిన మర్నాడే దూడ చచ్చిపోయిందట. నాయిన బతికాడు. నెలలు గడిచినా, ఏడాది తిరిగినా నిక్షేపంలా ఉన్నాడు.

మరి ఊరు ఏమంది? పసరు ఎంత గొప్పదో, మంజీర దాటినా విరగలేదంది! అవ్వ మందాయనకు కొత్త బట్టలు పెట్టించింది. ఆ పళ్ళెం మోసుకెళ్ళింది ఎవరనుకున్నారు, అమ్మే! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సూదులతోటి బతికిండని చెప్పవేందే అమ్మా?" అని దారి పొడుగునా సతాయించాను.

"బతికిండు గద. పేరు ఎవరికొస్తె ఏంది?" అంది.

ఆ తర్వాతి వానాకాలం పక్క వాడ కోడలు ఒకామె బిడ్డను చంకనేసుకుని మా వాకిట్లోకి వచ్చింది. పిల్ల మోచేతి మీద కుక్క పళ్ళు దిగి ఉన్నాయి.

"అక్కా, మా అత్త బావులు జూపిచ్చి పసరు తాపిస్తనంటాంది. దవాఖానకు తోల్కపోతె, పిల్లకు ఏమన్నైతె అందరు నన్నే అంటరు" అంది.

అమ్మ చేతులు కడుక్కుని, ఆ పిల్లను తన చంకలోకి తీసుకుంది.

"బస్సు నేనెక్కిస్త, పా" అంది. "ఏమన్నైతె నా పేరు జెప్పు."