మన పార్టీ వకీలు

నా కొడుకును నాకు ఇప్పించమని వకీలు దగ్గరికి వెళ్లాను. ఆ సంగతి ఆయన బుర్రకు ఇప్పటికీ ఎక్కలేదు.

నా మొగుడు నన్ను కొట్టి, ఐదేళ్ల పిల్లవాణ్ణి తన దగ్గరే ఉంచుకుని బయటికి గెంటాడు. నేను ఏడుస్తుంటే మా బాబాయికి గుర్తొచ్చింది మా అత్తవారిది అవతలి పార్టీ అని. ఒంట్లో బాగోకపోతే మంచి డాక్టరెవరని పదిమందినీ అడిగే మా వాళ్లు, కోర్టు పనికి మాత్రం వకీలు మన పార్టీవాడా కాదా అన్నదే చూస్తారు. అలా గురజాలలో ఒకాయన ముందు కూర్చోబెట్టారు నన్ను. ఫ్యామిలీ కేసులూ క్రిమినల్ కేసులూ చూస్తానని బయట బోర్డు.

ఆయన నా మొహం కూడా చూడలేదు. బాబాయిని అడిగి అడిగి కంప్లైంటు రాసేశాడు. మొగుడు, మామ, మరిది, చివరికి మా అత్త పేరు కూడా.

"మా అత్త నన్నేమీ అన్లేదండీ. నన్ను కొడతంటే అడ్డమొచ్చింది ఆమే. పిల్లోడికి అన్నం పెట్టేది కూడా ఆమే," అన్నాను.

"నీకు తెలవదమ్మా. ఆడోళ్ల పేరుంటేనే దిగొస్తారు. తర్వాత తీసేయిద్దాం."

"మరి పిల్లోడి కోసం పిటిషన్ వెయ్యాలంట గదా?"

"ముందు కేసు పడనీ. పిల్లోడు వాడంతట వాడే వస్తాడు."

"ఏందే, వకీలు గారికే చెప్తన్నావా? సంతకం పెట్టు," అని బాబాయి కసిరాడు. పళ్లు కొరుక్కుంటూ పెట్టాను.

మా వైపు కేసు పడితే మగాళ్లు ఊరు వదిలేస్తారు. ఆడవాళ్లు ఇంటి పట్టున ఉంటారు. ఈసారి అత్త పేరు కూడా ఉండేసరికి ఆమె కూడా బయల్దేరింది, పిల్లవాణ్ణి తీసుకుని కృష్ణా నది అవతలికి. నేను వెళ్లేసరికి ఇంటికి తాళం.

"చూశావా, దెబ్బకి ఊరొదిలారు!" అని బాబాయి మీసం దువ్వాడు. ఆ మీసం పీకెయ్యాలనిపించింది. వకీలైతే కేసు గెలిచేసినట్టే మాట్లాడాడు. నా కొడుకు ఏ ఊళ్లో ఉన్నాడో మాత్రం ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేకపోయారు.

వాళ్లకు బెయిళ్లు వచ్చాక, వాయిదా రోజున నా కొడుకు కోర్టు ఆవరణలో కనిపించాడు. ఇంట్లో చూసుకునే దిక్కు లేక వాణ్ణి కూడా తెచ్చినట్టున్నారు. బాగా చిక్కిపోయాడు. చేతులు చాచి పరిగెత్తాను. వాడు నానమ్మ కుచ్చిళ్లలో దూరాడు.

"నేను రాను పో. నువ్వు మా నానమ్మని జైల్లో పెట్టిస్తావంట."

అత్త వాడి వీపు మీద చెయ్యేసి నా వైపు నెట్టబోయింది. వాడు గుక్కపెట్టి ఏడ్చాడు. నా వెనక వకీలు బాబాయితో, "ముసల్దాని మొహం ఎట్టా పీక్కుపోయిందో చూశారా," అంటున్నాడు సంబరంగా.

వెనక్కి తిరిగాను.

"నా ఫైలు ఇటియ్యండి. ముందు మా అత్తని ఈ కేసులోంచి బయట పడేసే వకీల్ని నేనే ఎతుక్కుంటా. అవతలి పార్టీవాడైనా సరే!"

"అవతలి పార్టీవాడా!" అన్నాడు బాబాయి. ఇన్నాళ్లలో ఆయనకు కళ్లలో నీళ్లు తిరగడం అప్పుడే చూశాను.