మూత తెరిస్తే మారే అంకె

“అక్కా, అంకెలు వాటికవే మారిపోతాండాయి. సోమవారం గైడు సార్‌కు లెక్కలు ఇచ్చేలోగా ఇంకెన్ని మారతాయో, భయంగా ఉండాది.”

సోమందేపల్లెలో హైవే పక్కనున్న రిపేరు షాపులోకి అడుగు పెడుతూనే గౌతమి అన్న మాటలివి. ఒక చంకలో ఎనిమిది నెలల పాప, ఇంకో చంకలో లాప్‌టాప్. మూడేళ్లు చేలగట్ల వెంట తిరిగి కొలిచిన నేల తేమ లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. ఆమె పీహెచ్‌డీ వాటి మీదే నిలబడి ఉంది. నిన్న పొద్దున పదకొండు శాతం ఉన్న చేను మధ్యాహ్నానికి డెబ్బై ఐదు చూపించింది. ఈ ఎండు నేలలో డెబ్బై ఐదు! నవ్వొచ్చే అంకె కాబట్టి కంటబడింది. నవ్వు రాని అంకెలు ఎన్ని మారాయో?

షాపు నడిపే రామాంజినమ్మ తలెత్తలేదు. బోరు మోటారుకు రాగితీగ చుడుతోంది. ఆ షాపు వాళ్ల నాయనది. బోర్లు ఎండి మోటార్లు తగ్గాక, ఆమె హిందూపురం పోయి కంప్యూటర్ల పని నేర్చుకుంది. ఇప్పుడు బల్లకు ఒక వైపు మోటార్లు, ఇంకో వైపు లాప్‌టాప్‌లు. ఆ మోటారు తెచ్చిన రైతు తిప్పేస్వామి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

“ర్యామ్ పోయిందేమో అక్కా. పాప పాలు వొంపిందేమో. లేకుంటే కరెంటు ఎక్కువొచ్చి...”

“రోగం పేరు కూడా నువ్వే చెప్తే ఇంక నేనెందుకమ్మా? ఈడ పెట్టు.”

ర్యామ్, అంటే మెమరీ, పరీక్షకు రెండు గంటలు పట్టింది. ఒక్క తప్పూ లేదు. యంత్రం బాగుంటే మరి తప్పెవరిది? ఎనిమిది నెలలుగా సరైన నిద్ర లేదు. తానే మత్తులో తప్పులు కొట్టిందా? అదే అయితే మూడేళ్ల పనిలో దేన్ని నమ్మాలి?

“ఎప్పుడు మారతాండాయి?” అని అడిగింది రామాంజినమ్మ.

“పాప నిద్ర లేచినాకే అక్కా.”

“పాపకు నీ లెక్కలు నచ్చలేదేమోలేమ్మా,” అని తిప్పేస్వామి నవ్వాడు.

రామాంజినమ్మ నవ్వలేదు. “పాప లేస్తే ఏం చేస్తావు?”

“ఎత్తుకుంటా.”

“దానికి ముందు?”

గౌతమి ఆలోచించింది. ఆమె కుడిచెయ్యి గాలిలో తనంతట తానే కిందికి వంగింది. “మూత వేస్తా!”

రామాంజినమ్మ చేతిలో తీగ జారిపోయింది. కళ్లు మెరిశాయి. “అదీ మాట!”

మూత వేస్తే లాప్‌టాప్ నిద్రపోతుంది. ఆన్ చేసినా, మూత తెరిచినా ముందు లేచేది బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాము, ఫర్మ్‌వేర్. మెమరీలో ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఖాళీ, వాడుకో; ఇది మాత్రం నాది, తాకొద్దు అని అది ఒక పట్టిక ఇస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ పట్టికను నమ్మి, ఖాళీ అన్న చోట మన పని పెడుతుంది.

“ఆ పట్టికే అబద్ధమైతే?” అంటూ రామాంజినమ్మ తిప్పేస్వామి మోటారును చరిచింది. “దీని మింద రేకులో ఐదు హెచ్‌పీ అని ఉండాది. లోపల చుట్టింది ఏడున్నరకు. అవునా అన్నా?”

“మధ్యలో నన్నెందుకు లాగుతావమ్మా!”

పాపను తిప్పేస్వామి ఒళ్లో పెట్టి ఇద్దరూ పనిలో పడ్డారు. ఖాళీ అన్న మెమరీని వీలైనంత ఒకే అంకెతో నింపారు. మూత వేశారు. తెరిచారు. ఒక చోట నాలుగు వరుసలు మారాయి! మళ్లీ నింపి, మళ్లీ మూసి తెరిచారు. అదే చోటు! పదిసార్లు చేస్తే పదిసార్లూ అదే చోటు. లాప్‌టాప్ నిద్ర లేవగానే ఫర్మ్‌వేర్ తన గీతలేవో అక్కడ గీస్తోంది. ఖాళీ అని తానే చెప్పిన చోటులో!

“నేను కాదక్కా! నేను తప్పు కొట్టలేదు!” గౌతమి రామాంజినమ్మ భుజం పట్టుకుంది.

“కంపెనీవాళ్లు ఇంకా సరిచేసిన ఫర్మ్‌వేర్ ఇయ్యలేదు. మనమే సిస్టమ్‌కు చెప్దాం, ఆ తావు తాకొద్దని.”

సిస్టమ్ మొదలయ్యేటప్పుడు చదివే ఆదేశాల్లో రామాంజినమ్మ ఒక మాట చేర్చింది. ఎనిమిది జీబీ మెమరీలో ఆ తావు ఒక ఫోటో పట్టేంత చోటు కూడా కాదు. ఈసారి ఇరవైసార్లు మూసి తెరిచారు. ఒక్క అంకె కదల్లేదు.

గౌతమి వేసిన కేకకు పాప ఉలిక్కిపడి ఏడ్చింది. అలవాటు కొద్దీ గౌతమి చెయ్యి టప్పున మూత వేసేసింది. ముగ్గురూ బిగుసుకుపోయారు. రామాంజినమ్మ మెల్లగా తెరిచింది. అంకెలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. “ఇరవై ఒకటి,” అన్నాడు తిప్పేస్వామి.

చేలల్లో చేత్తో రాసుకున్న పుస్తకాలతో ఆదివారమంతా సరిచూస్తే పదకొండు అంకెలు మారినట్టు తేలింది. వాటిని దిద్దుకుని సోమవారం ధైర్యంగా ఇచ్చి వచ్చింది గౌతమి.

ఇప్పుడు పాప ఉన్నట్టుండి పాలు కక్కినా, మాపటిదాకా గుక్కపట్టి ఏడ్చినా, ఆమె కంగారు పడుతుంది గానీ ముందుగా అందుకునేది మాత్రం గోడకు వేలాడే చిన్న నోటుపుస్తకం. ఆ రోజు షాపు మెట్ల మీద పాపను అందిస్తూ రామాంజినమ్మ చెప్పింది:

“ఏదైనా చెడితే, ముందు నీ చెయ్యి ఏం చేసిందో రాసుకోమ్మా. నిన్ను నువ్వు తిట్టుకునేకి కాదు, కారణం ఎతుక్కునేకి.”